పాజ్ బటన్ రాకముందు, వచ్చాక

టీవీ చరిత్ర ఎవరు రాసినా ఉపగ్రహాల దగ్గరో, ఢిల్లీ దగ్గరో మొదలుపెడతారు. నాకు మాత్రం మిక్సీ దగ్గర మొదలుపెట్టాలనిపిస్తుంది. యాంటెన్నాల రోజుల్లో మిక్సీ వేస్తే టీవీ తెర నిండా తెల్లటి గీతలు వచ్చేవి, గుర్తుందా? మిక్సీ మోటారు లోపల రేగే చిన్న చిన్న నిప్పురవ్వలు సిగ్నల్‌కి అడ్డం పడేవట. ఆ కారణం అప్పట్లో మాకు తెలీదు. తెలిసిందల్లా ఒకటే, శుక్రవారం చిత్రలహరి మొదలయ్యేలోపు రుబ్బడాలన్నీ అయిపోవాలి. లేకపోతే ముందుగదిలోంచి "ఎవరది, మిక్సీ వేస్తోంది?" అని కేక వినపడేది. వేసేది ఎవరో అందరికీ తెలుసు. అయినా అలాగే అడిగేవారు.

ఆ కేకలోనే టీవీ చరిత్ర సగం ఉందని నాకు ఈమధ్య అనిపిస్తోంది. బొమ్మ ఎలా మారిందో, పెట్టె ఎంత పల్చబడిందో అందరూ రాశారు. ఆ బొమ్మ ఎదురుగా ఇంటి ఆడది ఎప్పుడు కూర్చోగలిగింది, ఎంతసేపు కూర్చోగలిగింది అన్నది ఎవరూ లెక్కవేసినట్టు లేదు. నాకు తెలిసినంతలో నేను వేసి చూస్తాను.

మన దేశంలో టీవీ మొదలైంది 1959 సెప్టెంబరు 15న, ఢిల్లీలో. మనదాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. వచ్చినప్పుడు మాత్రం వింతగా, పట్నం కంటే ముందు పల్లెకొచ్చింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సరిగ్గా ఏడాదిపాటు సైట్ అని ఒక ప్రయోగం జరిగింది. అమెరికావాళ్ళ ఉపగ్రహాన్ని అరువు తీసుకుని ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 ఊళ్ళకి టీవీ చూపించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ళగూడుకి వాడే జల్లెడలాంటి వలతో పది అడుగుల గొడుగు యాంటెన్నా కట్టి, ఊరందరికీ కలిపి ఒక టీవీ పెట్టేవారు. పొద్దున బడిపిల్లలకి గంటన్నర, సాయంత్రం పెద్దవాళ్ళకి రెండున్నర గంటలు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, మధ్యలో ఆటాపాటా. తెలుగు కార్యక్రమాలు తయారుచేయడానికి హైదరాబాదులో ఒక కేంద్రం కూడా పెట్టారు. ఏడాది కాగానే ఆ ఉపగ్రహం వెళ్ళిపోయింది.

దీని గురించి చదివినప్పుడల్లా నాకొక్కటే తడుతుంది. సాయంత్రం అన్నారు కదా, పల్లెటూళ్ళో సాయంత్రమంటే ఆడవాళ్ళకి పొయ్యి రాజేసే వేళ. పశువులు ఇంటికొచ్చే వేళ. పిల్లల పోషణ గురించి చెప్పే కార్యక్రమం ఆ పిల్లలకి అన్నం వండే టైములో వేస్తే తల్లి ఎలా చూస్తుంది? వచ్చినవాళ్ళు వచ్చే ఉంటారు, చంకలో బిడ్డతో, ఓ పక్కగా నిలబడి. కానీ ఇంటి పని ఎప్పుడు తెమిలితే అప్పుడు వేద్దాం అని టైము నిర్ణయించడం మొదటి రోజునుంచీ జరగలేదు.

1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. మాది మలక్‌పేట. నాకు ఊహ తెలిసేసరికి మా వీధిలో రెండిళ్ళలో టీవీలుండేవి. ఒకటి మన హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీ, తలుపులున్న చెక్క పెట్టెలో. రేడియోకి కట్టినట్టే టీవీకీ ఏటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బులు కట్టే రోజులవి. శుక్రవారం పాటలకీ, శనివారం సాయంత్రం సినిమాకీ ఆ ఇంటి ముందుగది నిండిపోయేది. పిల్లలం కింద, మగవాళ్ళు కుర్చీల్లో, మా అమ్మలాంటివాళ్ళు గుమ్మానికి ఆనుకుని. గుమ్మంలోనే ఎందుకంటే, ఏ క్షణాన ఇంటినుంచి పిలుపొస్తుందో తెలీదు కాబట్టి.

ఆ టీవీ ఉన్న ఇంటావిడ ఎక్కడుండేదో నాకు చాన్నాళ్ళు గుర్తుకురాలేదు. మొన్న అమ్మని అడిగితే చెప్పింది, "ఎక్కడుంటుందే, వంటింట్లో. ఇంతమంది వస్తే మంచినీళ్ళన్నా ఇవ్వాలి కదా" అని. సొంతానికి టీవీ ఉండీ సినిమా పూర్తిగా చూడని మనిషి ఆవిడ.

1984 దసరాకి మా ఇంట్లోకీ ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ వచ్చింది. అప్పటికి 1982 ఏషియన్ గేమ్స్‌తో రంగుల టీవీలు వచ్చేశాయి కానీ, నాన్నగారి జీతానికి రంగులు అందలేదు. టీవీ కొన్న నెలలోపే ఇందిరాగాంధీ హత్య. నవంబరు 3న అంత్యక్రియలు ప్రత్యక్షప్రసారం చేశారు. వీధంతా మా ఇంట్లోనే. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, పిల్లలం బిక్కచచ్చి కూర్చున్నాం. అమ్మ ఆ పూటంతా టీ కాస్తూనే ఉంది. "నేను చూళ్ళేదు, విన్నాను" అంటుంది ఇప్పటికీ.

అమ్మ ఎన్నో అలా విన్నది. సినిమా సంభాషణలు ఆవిడకి కంఠతా వచ్చు, ఎవరి మొహం ఎలా మారిందో తెలీదు. శాంతిస్వరూప్‌గారి గొంతు ఆవిడకి ఇంట్లో మనిషి గొంతంత పరిచయం. 1983 నవంబరులో మొదలైన తెలుగు వార్తల తొలి చదువరి ఆయన. ఎదురుగా చూసి చదువుకోవడానికి ఏమీ లేని ఆ రోజుల్లో, వార్తలన్నీ ముందే బట్టీపట్టి చెప్పేవారట. సరిగ్గా ఆ టైముకే నాన్నగారికి కంచం పెట్టాలి. 2024లో శాంతిస్వరూప్‌గారు పోయారని పాత వీడియోలు చూపిస్తుంటే, అమ్మ కళ్ళజోడు సర్దుకుని "ఈయన ఇంత పొడుగు మొహం మనిషా" అంది. నేను నవ్వాను కానీ, తర్వాత చాలాసేపు ఆ మాట నన్ను వదల్లేదు.

మొదటిసారి అమ్మ కూర్చుని టీవీ చూడటం నేను 1987లో చూశాను. జనవరి 25 నుంచి ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి రామాయణం. 52 భాగాలనుకున్నది 78 దాకా సాగి 1988 జులైలో ముగిసింది. వీధులు ఖాళీ అయ్యేవని, టీవీలకి హారతులిచ్చేవారని మీరు వినే ఉంటారు. మా ఇంట్లో జరిగింది ఇంకొకటి. ఆదివారం తొమ్మిదింటికల్లా టిఫిన్లు అయిపోయేవి, అవ్వాల్సిందే. అమ్మ తలస్నానం చేసి దీపం పెట్టి, చాపమీద అందరికంటే ముందు కూర్చునేది. ఆ ముప్పావుగంట ఎవరూ కాఫీ అడగలేదు. అమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. రాకపోతేనేం, కథ తెలుసు. అది భక్తి కాబట్టి కూర్చునే హక్కు వచ్చింది. సినిమాకో పాటలకో అలా కూర్చుంటే "పనేం లేదా?" అనేవారు. రాముడొస్తే ఎవరూ అనలేదు. ఆ తర్వాత మహాభారతం వచ్చి ఇంకో రెండేళ్ళ దాకా ఆ ఆదివారాలని కాపాడింది.

ఆ మధ్యకాలంలో వీసీఆర్‌లు అద్దెకి తెచ్చుకునే సరదా ఒకటి నడిచింది. రాత్రికి మూడు సినిమాలు. దాంట్లో పాజ్ బటన్ ఉండేది నిజమే, కానీ తెల్లారేసరికి వీసీఆర్ తిరిగి ఇచ్చేయాలి, కాబట్టి ఎవరి కోసమూ ఆపేవారు కాదు. దాని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. నాకు అప్పటికి పెళ్ళయి ఏడాది. కేబులబ్బాయి నెలనెలా వచ్చి డబ్బులు తీసుకెళ్ళేవాడు. ఆ దశాబ్దం చివర్లో యద్దనపూడి సులోచనారాణిగారి నవలతో మంజులానాయుడు తీసిన ఋతురాగాలు దూరదర్శన్‌లో వచ్చింది. తర్వాత జెమినీలో చక్రవాకం, 2008 నుంచి మొగలిరేకులు. వారానికోసారి కాకుండా రోజూ వచ్చే కథలు. ఇక్కడే అసలు మార్పు వచ్చిందని నా నమ్మకం. మన దగ్గర టీవీ మొదటిసారి ఆడవాళ్ళ తీరికని లెక్కలోకి తీసుకుంది. ప్రేమతో కాదు లెండి. సబ్బులూ, పొళ్ళూ, నూనెలూ కొనేది మనమే కాబట్టి, మనం ఏ టైముకి ఖాళీగా ఉంటామో కంపెనీలవాళ్ళకి కావాల్సొచ్చింది.

ఆ సీరియళ్ళని వెక్కిరించనివాళ్ళు లేరు. ఒక్క చెంపదెబ్బని మూడుసార్లు చూపిస్తారని, ఏడుపులని, పట్టుచీర కట్టుకుని నిద్రపోతారని. అవన్నీ నిజాలే. మా అత్తగారూ నేనూ కూడా వెక్కిరిస్తూనే చూసేవాళ్ళం. కానీ ఆ సీరియల్ ఒక పని చేసింది. దానికొక టైముంది. ఆ టైముకి అది వస్తుంది, వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. అందుకని ఆ అరగంట మాకు దక్కింది. మా మామగారు మంచినీళ్ళు తనే తెచ్చుకునేవారు. మావారు ఆఫీసునుంచి వచ్చి, మేం కూర్చున్న తీరు చూసి, చప్పుడు చేయకుండా పెరుగన్నం కలుపుకునేవారు. "ఇప్పుడు వాళ్ళని కదపకండి, మొగలిరేకులొస్తోంది" అని పిల్లలతో చెప్పడం నేను నా చెవులారా విన్నాను. వేళాకోళంగానే అన్నారు. అయితేనేం, కదపలేదు కదా!

అత్తగారికీ నాకూ మధ్య మాటలు తక్కువ. ఆవిడ తరం వేరు, నా తీరు వేరు. కానీ ఆ అరగంట పక్కపక్కన కూర్చుని, అందులో ఉన్న అత్తల గురించీ కోడళ్ళ గురించీ చెప్పుకున్న మాటల్లో, మా ఇద్దరి సంగతులు కూడా కొన్ని చెప్పేసుకున్నాం. తెరమీద కోడల్ని తిట్టినప్పుడు ఆవిడ "పాపం, ఆ పిల్ల తప్పేముంది" అంటే, అది నాకు చెప్పినట్టే అనిపించేది. ఆవిడ పోయాక చాలాకాలం ఆ టైముకి నేను టీవీ పెట్టలేకపోయాను.

2017లో మొదలై 2023 దాకా స్టార్ మాలో నడిచిన కార్తీక దీపం ఈ వరసలో చివరి పెద్ద సీరియల్ అని నాకనిపిస్తుంది. అందులో దీప వంట చేసి బతుకుతుంది, అందరూ వంటలక్క అంటారు. వంట చేసే మనిషిని కథకి నాయికని చేస్తే, వంట ముగించుకుని వచ్చి చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో ఆలోచించండి. మా వీధిలో కూరగాయల బండి దగ్గర కూడా వంటలక్క సంగతులే.

ఆ సీరియల్ రావడానికి కాస్త ముందే ఇంకోటి మొదలైంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, కొన్ని నెలలు డేటా ఉచితం అన్నారు. ఇంట్లో నలుగురికీ నాలుగు తెరలయ్యాయి. ఆ ఏడే నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో మన దేశంలో మొదలయ్యాయి. 2020లో ఆహా వచ్చింది. అదే ఏడు హాళ్ళు మూతపడ్డాక నాని 'వి' సినిమా సెప్టెంబరులో నేరుగా ప్రైమ్‌లో వచ్చింది. వెంకటేష్ 'దృశ్యం' 2014లో హాల్లో చూశాం, రెండోభాగం 2021లో సోఫాలో చూశాం. అందులో నాయకుడు కేబుల్ టీవీ నడిపే రాంబాబు. మొదటిభాగానికీ రెండోభాగానికీ మధ్య మా ఇంట్లో కేబులే పోయింది!

ఇప్పుడేది కావాలన్నా ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు. దీనివల్ల ఎక్కువ లాభపడేది ఇంట్లో ఉండే ఆడవాళ్ళే అని మా అమ్మాయి అంది, నేనూ సరే అనుకున్నాను. పని చేసుకుంటూ చూసుకోవచ్చు, టైముకి పరిగెత్తక్కర్లేదు. విన్నవాళ్ళకి న్యాయంగానే ఉంటుంది.

జరిగింది మాత్రం ఇది. నేను సినిమా పెట్టుకుని కూర్చుంటాను. పది నిమిషాలకి "అమ్మా, నా బ్లూ షర్టు ఎక్కడ?" అంటాడు అబ్బాయి. "పాజ్ చేసి ఒక్క నిమిషం రా" అంటాడు. ఇంకో పావుగంటకి మావారు, "తర్వాత చూడొచ్చు కదా, అదెక్కడికి పోతుంది? కాస్త కాఫీ..." అంటారు. అదెక్కడికీ పోదు, నిజమే. అందుకే ఇక నన్ను పిలవడానికి ఎవరూ సందేహించరు. రెండుంపావు గంటల సినిమా నాకు నాలుగు రోజులు పడుతోంది. నాలుగోరోజుకి మొదటిరోజు కథ మర్చిపోతున్నాను. మలయాళంలో 2021లో వచ్చిన 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' నేను చూసింది ఇలాగే, ముక్కలు ముక్కలుగా, వంటింటి గట్టుమీద ఫోను నిలబెట్టుకుని. ఆ సినిమాలో కొత్తకోడలు వండుతూ, తోముతూ, తుడుస్తూనే ఉంటుంది. నేనూ తోముతూ చూశాను. ఎక్కడ సినిమా ఆగి ఎక్కడ మా సింకు మొదలయిందో తెలీలేదు.

సీరియల్‌కి టైముండటం వల్ల మన తీరికకి ఒక గోడ ఉండేది. ఎప్పుడైనా చూడొచ్చు అనేసరికి ఆ గోడ పడిపోయింది. మా అమ్మాయికి ఈ మాట చెబితే, "నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు స్వేచ్ఛ ఇస్తే వద్దంటావేంటమ్మా?" అంది. స్వేచ్ఛ వద్దనలేదే. ఇంటిల్లిపాదికీ 'తర్వాత' అన్నది ఎప్పటికైనా వస్తుంది. వాళ్ళ ఆఫీసుకి ఒక ముగింపుంది, పరీక్షలకి ఒక ముగింపుంది. ఇంటిపనికి ముగింపు ఎక్కడుంది? ముగింపు లేని పని చేసే మనిషికి, ఎప్పుడైనా అంటే ఎప్పుడూ కాదని అర్థం. "సినిమా ఆపడానికి బటనుంది నిజమే, పొయ్యి ఆపడానికీ ఒకటుంది. దాన్నెవరూ నొక్కమనరేం?" అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు.

2020 లాక్‌డౌన్‌లో మార్చి 28నుంచి దూరదర్శన్ మళ్ళీ రామాయణం వేసింది. మీ ఇంట్లో కూడా చూసే ఉంటారు. ఆలోచించండి, అప్పటికి అన్నీ ఫోన్లో దొరుకుతూనే ఉన్నాయి. అయినా దేశమంతా పొద్దున తొమ్మిదింటికి, రాత్రి తొమ్మిదింటికి టీవీల ముందు కూర్చుంది. మా ఇంట్లో పిల్లలు కూడా. గ్రాఫిక్స్ చూసి నవ్వారు కానీ లేచి వెళ్ళలేదు. ఆ నెలల్లో రోజంతా వండటమే నా పని, మనిషి కూడా రావడం మానేసింది. అలాంటిది, ఆ గంట మాత్రం నన్నెవరూ లేపలేదు. ఆగదని అందరికీ తెలుసు కాబట్టి.

కొత్తవాటి మేలు నేను కాదనను. అమ్మకిప్పుడు ఎనభై. రిమోట్‌లో మైకు బొమ్మ నొక్కి "మొగలిరేకులు" అంటుంది, యూట్యూబులో మొదటి భాగంనుంచి వస్తోంది. వయసుతో చెవి మందగించింది, అందుకని శబ్దం పెంచి, అక్షరాలు కనబడేవైతే అవి పెట్టుకుని చూస్తుంది. అడిగేవాళ్ళు లేరు, పిలిచేవాళ్ళు లేరు, ఏ వంటింటి బాధ్యతా లేదు. ఎనభై ఏళ్ళకి ఆవిడ చేతికి రిమోట్ వచ్చింది. గుమ్మంలో నిలబడి విన్న సినిమాలన్నీ ఇప్పుడు వరసగా, మొహాలు చూసుకుంటూ చూస్తోంది. ఈ యంత్రాలు లేకపోతే ఆవిడకి ఆ సినిమాలు దక్కేవి కావు. కాకపోతే అంతదాకా ఆగాల్సిన అవసరం నాకెందుకు?

2024 జనవరిలో ఈటీవీ విన్‌లో శివాజీ నటించిన '#90స్' వచ్చింది. ఆ రోజుల మధ్యతరగతి ఇంటి కథ. పిల్లలకి చూపించాలని నాకు ముచ్చటేసింది. ఆ సిరీస్ కోసమే మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాను. శనివారం రాత్రి ఎనిమిదింటికి ఒక భాగం. రాకపోతే మీ ఖర్మ, మళ్ళీ పెట్టను. మొదలయ్యాక పాజ్ లేదు, ఎవరికోసమూ లేదు. కాఫీ కావాలంటే ముందే కలుపుకోవాలి, షర్టు కావాలంటే ముందే వెతుక్కోవాలి. మొదటి వారం సణిగారు. రెండోవారం మావారు ఏడున్నరకే గ్లాసులు కడిగి పెట్టారు. అమ్మాయి బెంగుళూరులో ఉంటుంది, అది కూడా అదే టైముకి అక్కడ మొదలుపెట్టింది, అయ్యాక ఫోన్ చేసింది. ఆ సిరీస్ అయిపోయింది కానీ శనివారం ఎనిమిది గంటలు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు వరసగా ఒక్కొక్కరం ఒక్కో సినిమా ఎంచుతున్నాం.

వారానికి రెండు గంటలు. అమ్మకి ఆ రోజుల్లో ఆదివారం ముప్పావుగంట దొరికింది, అదీ రాముడి పేరు చెప్పుకుని. నాకూ అత్తగారికీ అరగంట దొరికింది, సీరియల్ మళ్ళీ రాదని చెప్పి. ఈ రెండు గంటలకి నేను ఎవరి పేరూ చెప్పడం లేదు. ఈ శనివారం ఎంచే వంతు నాది. మీకు తెలిసిన మంచి సినిమా ఏదైనా ఉంటే చెప్పండి. నిడివి ఎక్కువైనా ఫర్వాలేదు.